లేబుల్ లేని మందు

జ్ఞానవతి ఏం పని చేస్తుందో కెనడాలోని వాన్ అనే ఊళ్లో ఉండే తెలుగువాళ్లలో చాలామందికి రెండేళ్లపాటు తెలియదు. "గ్రీన్‌హౌస్‌లోనండీ, పూల పని" అని చెప్పి ఆమె భర్త సువార్తరాజు మాట మార్చేసేవాడు. అందులో పెద్ద అబద్ధం లేదు. ఆమె పెంచేది పూలే. కాకపోతే జడలో పెట్టుకునే పూలు కావు, ఎండబెట్టి, నలిపి, కాగితంలో చుట్టి కాల్చుకునే పూలు. మన వైపు ఎవరి దగ్గరైనా దొరికితే పోలీసులు చేతులు విరిచి కట్టి తీసుకెళ్లే గంజాయిని ఇక్కడ లైసెన్సు తీసుకుని, లోపల కెమెరాలు పెట్టుకుని, తెల్ల కోట్లు వేసుకుని పండిస్తారు. హైవే పక్కన, కిటికీలు లేని పెద్ద గోడౌన్ లాంటి బిల్డింగులో ఆ పంట మొత్తానికి ఆమె ప్రొడక్షన్ మేనేజర్.

చీరాల పిల్ల. బాపట్లలో వ్యవసాయం బీఎస్సీ చదివి, గుంటూరు దగ్గర మిరప విత్తనాల కంపెనీలో ఏడేళ్లు చేసింది. ఆకు వెనక్కి తిప్పి చూస్తే చాలు, తామర పురుగో, నల్లో, బెట్టకు ముడుచుకుందో చెప్పేది. రైతులు మోటారు సైకిళ్ల మీద కొమ్మలు పట్టుకొచ్చి ఆమె టేబుల్ ముందు వరసలో నిలబడేవాళ్లు. కెనడాకు శాశ్వత నివాసం, అదే పీఆర్ మీద వచ్చాక ఆ చదువు గురించి ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు. నాలుగేళ్లు ఎటోబికోలో ఒక బేకరీలో బ్రెడ్డు ప్యాకింగ్ చేసింది. ఆ తర్వాత చట్టం మారింది, ఈ కంపెనీలు పుట్టుకొచ్చాయి, కత్తెరతో పువ్వు చుట్టూ ఉండే ఆకులు కత్తిరించే పనికి మనుషులు కావాలంటే వెళ్లి చేరింది.

చేరిన రెండో నెలలో, కత్తిరింపుకు తెచ్చిన ట్రాలీలో ఒక ఆకు మీద సూదిమొనంత తెల్ల చుక్కలు చూసింది. "ఇది ఏ గది నుంచి వచ్చింది?" అని అడిగింది. అయిదో గది అన్నారు. "ఆ గదిలో నల్లి ఉంది. ఈ వారం పట్టుకోకపోతే పక్క గదులకూ పోతుంది" అని చెప్పింది. గంటకింతని కూలికి వచ్చిన మనిషి మాట కాబట్టి ముందు నవ్వారు. వెళ్లి చూశాక నవ్వలేదు. ఆ తర్వాత ఏడాదికి సూపర్‌వైజర్, ఇంకో ఏడాదికి మేనేజర్.

ఆ పని ఆమెకు ఇష్టమని పైకి చెప్పుకోలేదు గానీ ఇష్టమే. తల్లిమొక్కల గది అని ఒకటుండేది. పువ్వు వేయనీయకుండా, రోజుకు పద్దెనిమిది గంటల వెలుతురులో, యాభై రెండు మొక్కల్ని కేవలం కొమ్మల కోసం పెంచే గది అది. వాటినుంచి కొమ్మలు ఏటవాలుగా కోసి, వేరు మందులో ముంచి, పొగమంచు లాంటి తేమలో పెడితే పన్నెండో రోజుకు తెల్లటి వేరు కనిపించేది. అవి ఎదిగాక పూల గదికి మార్చి, పన్నెండు గంటలు వెలుతురు, పన్నెండు గంటలు చీకటి. ఎనిమిది గదులు, వారానికో గది కోతకు రావాలి. ఒక గది ఆలస్యమైతే వెనకాల ఏడూ ఆగిపోతాయి. పొద్దున గదిలో అడుగు పెట్టగానే మీటరు చూడకముందే తేమ ఎక్కువైందో తక్కువైందో ముఖానికి తగిలే గాలిని బట్టి చెప్పేసేది. పద్నాలుగు మంది ఆమె కింద పనిచేసేవాళ్లు.

ఆ వాసన మాత్రం వదిలేది కాదు. ఎన్నిసార్లు తలస్నానం చేసినా జుట్టులో ఉండిపోయేది. ఒక ఆదివారం చర్చిలో పిల్లలకు పాఠం చెబుతుంటే ఒకావిడ పక్కకు వచ్చి వాసన చూసి వెళ్లిపోయింది. తరవాతి వారం సంఘ పెద్దలు పిలిచి కూర్చోబెట్టారు. "ప్రభుత్వం ఒప్పుకుందమ్మా, మేం కాదనట్లేదు. పిల్లల ముందు నిలబడే మనిషి కదా, కొన్నాళ్లు సండే స్కూల్ పక్కన పెట్టండి" అన్నారు. పక్కన పెట్టింది. ఆ పెద్దల్లోనే ఒకాయన నెల తిరక్కుండా పార్కింగ్‌లో ఆపి, "మా ఆవిడకి మోకాళ్ల నొప్పులమ్మా, మీ దగ్గర ఏదో ఆయిల్ ఉంటుందంట కదా" అని అడిగాడు. ఆమె నవ్వి కారెక్కింది. సువార్తరాజు మాత్రం ఆ రోజునుంచి చర్చికి వేరే కార్లో వెళ్లడం మొదలుపెట్టాడు, డ్యూటీ టైము కుదరడం లేదని.

సూర్యకుమారి ఆ తర్వాత కంపెనీలో చేరింది. తుని ఆమెది. ముప్పై ఆరేళ్లు. కూతుర్ని అక్క దగ్గర వదిలి, స్టూడెంట్ వీసా మీద వచ్చి, ఇక్కడ కాలేజీలో తోటపని డిప్లొమా చేసింది. మందులు కొట్టే లైసెన్సు పరీక్ష కూడా పాసైంది. చదువు తర్వాతి పర్మిట్ అయిపోతుంటే జ్ఞానవతే పై వాళ్లతో మాట్లాడి, కంపెనీ చేత ఆమెకు క్లోజ్డ్ వర్క్ పర్మిట్ పెట్టించింది. అంటే ఈ కంపెనీలో తప్ప ఇంకెక్కడా పనిచేయడానికి లేదు. దాని మీదే పీఆర్‌కు అప్లై చేసింది.

మొదట్లో "మేడమ్ గారండి" అనేది. మూడు నెలలకు "అక్కా" అనడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం ఇద్దరూ ఒకే టేబుల్ దగ్గర కూర్చుని టిఫిన్ డబ్బాలు మార్చుకునేవాళ్లు.

"మీరు లేకపోతే ఈపాటికి తునిలో ఉండేదాన్నక్కా."

"నేనేం చేశానే? నీకు పని వచ్చు, ఉంచుకున్నారు."

"పని వచ్చినోళ్లు ఎంతమంది లేరండి."

2022 ఏప్రిల్‌లో జ్ఞానవతికి పిత్తాశయంలో రాళ్లు ముదిరి, దాన్ని తీసేశారు. మూడు వారాలు లీవు. ఆ మధ్యలో తల్లిమొక్కల గదిలో బూడిద తెగులు వచ్చింది. ఆకుల మీద పిండి చల్లినట్టు కనిపించే తెగులది. గంజాయి మీద కొట్టడానికి ఇక్కడ చట్టం ఒప్పుకునే మందులు చాలా కొన్ని, అవన్నీ నిదానంగా పనిచేసేవే. ఆపరేషన్స్ డైరెక్టర్ డెరెక్‌కు నిదానం పనికిరాదు. తల్లిమొక్కలు పోతే రెండు నెలల తర్వాత అన్ని గదులూ ఖాళీ.

ఆపరేషన్ అయిన ఆరో రోజు మధ్యాహ్నం జ్ఞానవతి నొప్పి మాత్రలు వేసుకుని మంచం మీద ఉంది. సూర్యకుమారి ఫోన్ చేసింది.

"అక్కా, పడుకున్నారా? డెరెక్ ఒక డబ్బా తెచ్చాడండి. తల్లిమొక్కలకు కొట్టమంటున్నాడు. డబ్బా మీద లేబుల్ లేదు, పీకేసినట్టుంది. ద్రాక్షతోటల్లో వాడే మందు వాసనే వస్తోందక్కా. ఏం చేయమంటారు?"

మంచం పక్కనుంచి కూతురు హోప్ నీళ్లు ఇస్తోంది. కుట్లు లాగుతున్నాయి. ఆ మందు ఏదై ఉంటుందో జ్ఞానవతికి తెలుసు. ఆకు మీద ఆగదు, మొక్క లోపలికి ఎక్కుతుంది. పండు తింటే పెద్ద ప్రమాదం లేదు గానీ, కాలిస్తే వచ్చే పొగ విషం. తెలిసి కూడా, ఫోన్ పెట్టేసి కళ్లు మూసుకోవాలన్న ఒక్క కోరిక తప్ప ఆమెకు అప్పుడు ఇంకేమీ లేదు. కాదంటే డెరెక్‌తో మాట్లాడాలి. లేచి కూర్చోవాలి.

"డైరెక్టర్ చెప్తున్నాడుగా. కొట్టెయ్. నేను వచ్చాక చూస్తా" అంది.

"మందుల లాగ్ పుస్తకంలో ఏం రాయమంటారండి?"

"ఆయన్నే అడుగు."

డెరెక్ మామూలుగా వాడే మందు పేరే రాయించాడు. కింద సంతకం సూర్యకుమారిది.

జ్ఞానవతి తిరిగి వెళ్లేసరికి తల్లిమొక్కలు నిగనిగలాడుతున్నాయి. ఒక్క మచ్చ లేదు. గదంతా తిరిగి చూసి, ఆకు ఒకటి తుంచి, వాసన చూసి, జేబులో పెట్టుకుంది. మందు ఎక్కిన కొమ్మలు నాటకుండా ఆ మొక్కల్ని అప్పుడే పీకించేసి ఉండవచ్చు. విత్తనం నుంచి మళ్లీ మొదలుపెట్టాలంటే అయిదు నెలలు. ఎవరికీ ఏమీ చెప్పలేదు. సూర్యకుమారితో మాత్రం, "ఇంకెప్పుడూ లేబుల్ లేనిది ముట్టుకోకు" అంది. సూర్యకుమారి "అలాగేనక్కా" అంది. నువ్వే కదా కొట్టమన్నావు అని ఆమె అనలేదు.

ఆగస్టులో ల్యాబ్ నుంచి రిపోర్టు వచ్చింది. కోసిన పూలలో ఉండకూడని మందు ఆనవాళ్లు ఉన్నాయి. ఒక్క గదిలో కాదు, వరసగా మూడు గదుల పంటలో. ముందుగా బయటకు వెళ్లిన కొంత సరుకును దుకాణాల నుంచి వెనక్కి పిలిపించారు. గంజాయి లైసెన్సులిచ్చే నియంత్రణ శాఖకు కారణం రాసి ఇవ్వాలి, పేరుతో సహా.

సూర్యకుమారిని ముందు ఒక్కదాన్నే పిలిచి అడిగారు. మర్నాడు జ్ఞానవతిని పిలిచారు. గదిలో డెరెక్, హెచ్ఆర్ నుంచి పమేలా అనే ఆవిడ ఉన్నారు. టేబుల్ మీద ఒకటిన్నర పేజీ టైపు చేసిన కాగితం. సిబ్బందిలో సూర్యకుమారి అనేవారు, మేనేజర్ సెలవులో ఉన్న సమయంలో, ఎవరి అనుమతీ లేకుండా, బయటి నుంచి తెచ్చిన మందును సొంత నిర్ణయంతో వాడారని, లాగ్‌లో తప్పు రాశారని అందులో ఉంది. కింద జ్ఞానవతి పేరు, సంతకానికి గీత.

"ఇది నిజం కాదు" అంది జ్ఞానవతి.

"ఏది నిజం కాదు?" డెరెక్ గొంతు మామూలుగానే ఉంది. "లాగ్‌లో సంతకం ఎవరిది? లైసెన్సు ఎవరిది?"

"మందు తెచ్చింది ఆమె కాదు."

"నువ్వు చూశావా? నువ్వు ఇంట్లో ఉన్నావు." కాస్త ఆగి అన్నాడు. "నీకు వేరే ఏమైనా తెలిస్తే చెప్పు. ఎప్పటి నుంచి తెలుసో కూడా చెప్పాల్సి వస్తుంది. ఏప్రిల్ నుంచి తెలిసి కోతలు పంపావంటే, అది వేరే సంగతి."

ఆ ఫోన్ సంగతి డెరెక్‌కు తెలియదు. తెలిస్తే ఇంకో రకంగా మాట్లాడేవాడు. పమేలా మంచినీళ్ల సీసా ముందుకు జరిపి, సంతకం పెడితే విషయం ఇక్కడితో అయిపోతుందని, మిగతా పదమూడు మంది ఉద్యోగాలు నిలబడతాయని మెత్తగా చెప్పింది. తాను నోరు విప్పితే డెరెక్ పోతాడు. డెరెక్ పోతే సూర్యకుమారిని మళ్లీ అడుగుతారు. సూర్యకుమారి ఫోన్ మాట చెబుతుంది. అప్పుడు ఈ పనికి ప్రభుత్వం ఇచ్చిన తన సెక్యూరిటీ క్లియరెన్స్ పోతుంది, బ్రెడ్డు ప్యాకింగ్ మళ్లీ. నలభై ఏడేళ్ల వయసులో. ఇవన్నీ ఆలోచించడానికి ఆమెకు పట్టింది నిమిషమే. ఆ నిమిషంలో సూర్యకుమారి కూతురు ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదని తర్వాత చాలాసార్లు అనుకుంది.

సంతకం పెట్టింది.

అదే రోజు మూడింటికి సూర్యకుమారి బ్యాడ్జి తీసుకున్నారు. జ్ఞానవతి పార్కింగ్ లోకి పరుగెత్తుకెళ్లింది. ఆమె బస్‌స్టాప్ వైపు నడుస్తోంది, చేతిలో టిఫిన్ డబ్బా, ఒక ప్లాస్టిక్ సంచిలో బూట్లు.

"సూర్యా, ఆగు. నేను..."

ఆమె ఆగింది. ఏడవలేదు.

"నిన్న గంటసేపు అడిగారండి. డెరెక్ చెప్పాడనే చెప్పాను. మేనేజర్‌కు తెలుసా అని అడిగారు. తెలీదని చెప్పాను. ఆపరేషనై పడుకున్న మనిషిని ఎందుకు లాగడం, ఆవిడొచ్చి నిజం చెప్తుందిలే అనుకున్నాను."

జ్ఞానవతి ఆమె సంచి అందుకోబోయింది. సూర్యకుమారి ఇవ్వలేదు.

"కాగితం చదివి వినిపించారు మేడమ్. మీ సంతకం చూపించారు."

ఆమె మళ్లీ 'అక్కా' అనలేదు. బస్సు వచ్చింది, ఎక్కింది.

తర్వాతి వారం తల్లిమొక్కల్ని నాశనం చేసే పని జ్ఞానవతికే అప్పగించారు. ఇద్దరు సాక్షుల ముందు ఒక్కో మొక్కను మొదట్లో నరికి, యంత్రంలో పొడి చేసి, ఎవరికీ పనికిరాకుండా పెంపుడు పిల్లుల మలమూత్రాలకు వేసే ఇసుకలో నీళ్లుపోసి కలపాలి. యాభై రెండు. నాలుగేళ్లు కత్తిరించి, కట్టి, పెంచినవి. ఆమె రెండు చేతులా గ్లవ్స్ వేసుకుని, ఒక్కటి కూడా వేరేవాళ్లకు ఇవ్వకుండా తానే నరికింది. కూడా ఉన్న వాళ్లు ఆమెకు మొక్కల మీద ప్రేమ అనుకున్నారు. కాదు. చేతులకు ఏదో ఒక పని కావాలి, అంతే.

పదమూడు మంది ఉద్యోగాలు నిలబడ్డాయా అంటే, పదకొండు నెలలు నిలబడ్డాయి. మార్కెట్‌లో సరుకు ఎక్కువై, కొనేవాళ్లు తక్కువై, 2023 జులైలో కంపెనీ వాన్ బిల్డింగును మూసేసింది. డెరెక్ అంతకు రెండు నెలల ముందే వాంకూవర్ వైపు ఇంకో కంపెనీలో ఇంతకన్నా పెద్ద పదవికి వెళ్లిపోయాడు. జ్ఞానవతి ఆరు చోట్ల అప్లై చేసింది. నాలుగు చోట్ల ఇంటర్వ్యూ దాకా పిలిచారు. అన్ని చోట్లా ఒక్కటే అడిగారు: "ఆ మందు సంగతి జరిగింది మీ డిపార్ట్‌మెంట్‌లోనే కదా?" ఆమె సంతకం పెట్టిన కాగితంలో దోషి పేరు సూర్యకుమారిదే. అయినా ఈ లైనులో తన కింద మనిషి ఏం కొడుతోందో తెలియని మేనేజర్ ఎవరికీ అక్కర్లేదు. తెలుసని చెప్పడానికీ లేదు.

ఆ అక్టోబరులో ఆమె ఒక ఉత్తరం రాసింది. మందు తెచ్చింది డెరెక్ అని, కొట్టమన్నదీ, లాగ్‌లో వేరే పేరు రాయించిందీ ఆయనే అని, తాను ఒత్తిడితో తప్పుడు కాగితం మీద సంతకం పెట్టానని. నోటరీ చేయించింది. సూర్యకుమారి ఎటోబికోలో ఒక బేస్‌మెంట్‌లో ఉంటోందని తెలుసుకుని, ఆదివారం మధ్యాహ్నం వెళ్లింది.

గదిలో రెండు సూట్‌కేసులు తెరిచి ఉన్నాయి. సూర్యకుమారి చిక్కిపోయింది. కుర్చీ ఇచ్చింది, టీ పెట్టింది. పుట్టగొడుగుల ఫారం వాళ్లు తీసుకుంటామన్నారని, పాత కంపెనీ వాళ్లకు ఫోన్ చేసి ఊరుకున్నారని, పీఆర్ ఫైలు రిజెక్ట్ అయిందని, పర్మిట్ గడువు పోయిందని, వేరేవాళ్ల కథ చెబుతున్నట్టు చెప్పింది. ఉత్తరం తీసుకుని నిదానంగా చదివింది. రెండోసారి కూడా చదివింది.

"ఫోన్ సంగతి లేదేంటి మేడమ్ ఇందులో?"

జ్ఞానవతి టీ కప్పు కింద పెట్టింది.

"నేను మీకు ఫోన్ చేశానని, మీరు కొట్టెయ్ అన్నారని. అది రాయలేదండి."

"రాస్తాను. మళ్లీ రాసి తెస్తాను సూర్యా. రేపే తెస్తాను."

"ఇంతకాలం పట్టింది ఇది రాయడానికి. ఇందులో కూడా మీరు లేరు." ఆమె కాగితం మడిచి తిరిగి చేతిలో పెట్టింది. "అక్కర్లేదండి. గురువారం ఫ్లైటు. లాయర్‌ని కూడా అడిగాను, ఇప్పుడు దేవుడొచ్చి సాక్ష్యం చెప్పినా లాభం లేదన్నాడు. మా అమ్మాయి ఇంటర్‌లోకి వచ్చిందండి. నాలుగేళ్లయింది చూసి."

గుమ్మం దాకా వచ్చి సాగనంపింది. చలిగా ఉంది, జాగ్రత్తగా డ్రైవ్ చేయండి అని కూడా అంది. ఆ మర్యాద జ్ఞానవతి తట్టుకోలేకపోయింది. ఉత్తరం మళ్లీ రాయలేదు. నియంత్రణ శాఖకైనా పంపవచ్చు, డెరెక్ ఇంకా అదే పనిలో ఉన్నాడు కాబట్టి. అదీ పంపలేదు.

ఇప్పుడు ఆమె ఒక సూపర్‌మార్కెట్‌లో కూరగాయల సెక్షన్‌లో చేస్తోంది. సువార్తరాజుకు ఆ ఉద్యోగం హాయిగా ఉంది, ఎవరడిగినా పేరు చెప్పవచ్చు. మొన్న ఒక శనివారం తనతో డ్యూటీ చేసే స్నేహితుడు కోటేశ్వరరావు, ఆయన భార్య ఝాన్సీలక్ష్మి భోజనానికి వచ్చినప్పుడు సువార్తరాజే మొదలుపెట్టాడు.

"మా ఆవిడ ఎంత పెద్ద పొజిషన్‌లో ఉండేదో తెలుసా అండీ? తెలుగమ్మాయి కదా అని ఒకావిడకి జాబ్ ఇప్పించింది, పర్మిట్ కూడా ఇప్పించింది. ఆవిడే ముంచేసింది."

"అయ్యో, ఇక్కడ మనవాళ్లని నమ్మడానికి లేదండీ" అంది ఝాన్సీలక్ష్మి.

ఆ ఫోన్ వచ్చినప్పుడు మంచం పక్కనే ఉన్న హోప్ ప్లేటు మీదనుంచి తలెత్తింది. పంతొమ్మిదేళ్ల పిల్ల, యూనివర్సిటీ నుంచి వారం చివర ఇంటికి వచ్చింది.

"మామ్, వాజ్ ఇట్ హర్? ద లేడీ హూ కాల్డ్ వెన్ యూ వర్ సిక్?"

అందరూ జ్ఞానవతి వైపు చూశారు. సువార్తరాజుకు నిజంగానే ఏమీ తెలియదు. సూర్యకుమారే ముంచిందని ఆయనకు ఆమే చెప్పింది.

"అవునమ్మా" అంది జ్ఞానవతి. "ఆవిడే." లేచి, పెరుగు తేవడానికి వంటింట్లోకి వెళ్లింది.